చూడకుండా వేసిన స్టాంపు

ఆ ఉదయమే నాఫులకు ఇన్‌స్పెక్టర్ హోదా వచ్చింది. హోదా వచ్చిందంటే సోదా వచ్చినట్టే! నైరోబీ విమానాల షెడ్డులో ఎవరు ఏ బోల్టు బిగించినా ఆమె కళ్లారా చూసి స్టాంపు వేస్తే తప్ప బండి కదలకూడదు.

కంపెనీ ఇచ్చే హోదాలు కాగితం మీదివి. నలుగురి నోళ్లలో నిలిచేవి మాత్రం ముసలి మెకానిక్ ఒబురా ఇచ్చేవే. అందరూ మ్జే అని గౌరవంగా పిలిచే ఆ పెద్దాయన లెక్కలో టీ కాచేవాడు 'ఇంధన శాఖాధిపతి', నేల తుడిచే ఆవిడ 'రన్‌వే రాణి', మేనేజర్ కిలోంజో 'గడియారం గారు'. నాఫులకు రెంచి పట్టడం నేర్పిందీ ఆయనే.

పొద్దున ఒబురా పన్నెండు సీట్ల విమానానికి ఆయిల్ ఫిల్టర్ బోల్టులు బిగించి, వాటి తలల్లోని చిల్లుల్లోంచి సన్నటి తీగ దూర్చి మెలిపెట్టి కట్టాడు. ఆ తీగ బోల్టును ఎప్పుడూ బిగింపు వైపే లాగుతుండాలి. అటుది ఇటైతే చూపుకు నగ, పనికి పగ. బోల్టు వదులు, బండి బోల్తా.

నాఫుల టార్చి పట్టుకుని వంగింది.

"లేవండర్రా, ఇన్‌స్పెక్టరమ్మ వేంచేసింది!" అరిచాడు ఒబురా. "ఇకపై ఈమె ఇంజనీరు కాదు. ఇంజన్‌కే చెమటలు పట్టించే నీరు!"

షెడ్డంతా గొల్లుమంది. నాఫుల కూడా పగలబడి నవ్వింది. ఆ నవ్వులోనే స్టాంపు పడింది, ఇంజన్ మూతా పడింది.

పదకొండయ్యేసరికి ఆమెకు కాలు నిలవడం లేదు. టీ చల్లారింది. చేతిలోని మందాజీ బూరె పొడిపొడి అయింది గాని నోటిదాకా పోలేదు. బల్ల దగ్గర్నుంచి తలుపుకి, తలుపు దగ్గర్నుంచి బల్లకి తిరుగుతోంది. టార్చి గుర్తుంది, జోకు గుర్తుంది, స్టాంపు గుర్తుంది. తీగే గుర్తులేదు.

బయట లోద్వార్ ఊరికి వెళ్లే జనం ఆ విమానమే ఎక్కుతున్నారు.

"మ్జే, పొద్దున ఆ తీగ ఎటు లాగి కట్టావు?"

"ముప్ఫై ఏళ్లుగా ఎటు లాగుతున్నానో అటే! నన్నే అడుగుతున్నావా, పిల్లా?"

"నీ మీద అనుమానం కాదు మ్జే. నేను చూడలేదు."

ఒబురా చేతిలోని రెంచి కింద పెట్టాడు. నాఫుల అప్పటికే విమానం వైపు పరుగెత్తుతోంది.

రెండు చేతులూ అడ్డంగా ఊపుతున్న ఆమెను చూసి పైలట్ వాకో ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఆగాడు. కిలోంజో రొప్పుతూ వచ్చాడు.

"ఏంటమ్మా ఇది?"

"మూత తీయాలి బాస్."

"జనం ఎక్కేశారు!"

"దింపండి."

జనం గొణుక్కుంటూ రెక్క నీడలో నిలబడ్డారు. మూత తీసి, టార్చి వేసి, ఒక్కో మెలికా వేలితో తడిమి చూసింది నాఫుల. తీగ బిగింపు వైపే ఉంది. వంక పెట్టడానికి లేదు.

"ఏం దొరికింది?" అన్నాడు కిలోంజో.

"ఏమీ లేదు."

"మరి ఆలస్యానికి కారణమేమని రాయను?"

వెనకనుంచి ఒబురా గొంతు తగ్గించి, "ఇంజన్‌లో పిట్టగూడు అని రాయండి బాస్. నేనే తీసేశాను" అన్నాడు.

నాఫుల ఊ అంటే చాలు, అక్కడితో పోతుంది.

"గూడూ లేదు, గీడూ లేదు. పొద్దున నవ్వుతూ, చూడకుండా స్టాంపు వేశాను. అదే రాయండి."

కిలోంజో పెన్ను ఆగింది. చెయ్యి చాపాడు. "స్టాంపు ఇటివ్వు. నెల తర్వాత చూద్దాం."

ఇచ్చేసింది.

కిటికీలోంచి వాకో తల బయటపెట్టాడు. "ఇప్పుడైనా చూశావా, అక్కా?"

"చూశాను. వెళ్లండి."

విమానం నలభై నిమిషాలు ఆలస్యంగా లేచింది.

మధ్యాహ్నం ఒబురా మరో విమానానికి తీగ కట్టాడు. పక్క షెడ్డు నుంచి ముథామా అనే ఇన్‌స్పెక్టర్ వచ్చి వంగాడు. పనివాళ్లంతా చేతుల్లో పని ఆపి ఒబురా నోటికేసి చూశారు. ఆయన టార్చి పట్టుకుని నిలబడ్డాడు.

"ఏం మ్జే, నాకే హోదా లేదా?" నవ్వాడు ముథామా.

"ముందు చూడు బాబూ," అని ఒబురా రెండో బోల్టు మీదికి వెలుగు తిప్పాడు.