గట్టు కింద ఎక్కించుకునే జీపు

చండ్రుగొండ సెంటర్లో జంపయ్య కమాండర్ జీపు ఆగిందంటే, జనం దిగేలోపే ఆయన నోట్లోంచి ఒక కథ దిగేది. టైర్ల కథలైతే మరీను.

"ఓసారి పాల్వంచ రోడ్డు మీద బర్రె అడ్డమొచ్చింది. బిరేకు మీద నిలబడ్డ. కొత్త టైర్లాయె, రోడ్డును గట్టిగ పట్టినై. బండి ఆగింది గాని రోడ్డు ఆగలె! నాలుగు గజాలు ముందుకు జరిగి, బర్రెను అవతల దింపొచ్చింది" అనేవాడు.

నమ్మనివాళ్లెవరైనా ఉంటే, ఆ బర్రె ఇంకా బతికే ఉందనీ, రెండు పూటలా పాలిస్తోందనీ, కావాలంటే పోయి దాన్నే అడగమనీ చెప్పేవాడు.

ఇన్ని కోతలు కోసే జంపయ్య ఒక్క విషయంలో మాత్రం నవ్వులాట పెట్టుకునేవాడు కాదు. ఆయనకు బండి నేర్పింది లచ్చయ్య అనే లారీ డ్రైవరు. ఆ లచ్చయ్య స్టీరింగ్ చేతికిచ్చిన మొదటి రోజే చెప్పాడు. "ముందటి టైరు పేలితే బండి నీ చేతిల ఉండదు. ఎనకది పేలితే పక్కకు ఆపుకోవచ్చు. మంచి జత ఎప్పుడూ ముందట్నే ఎయ్యాలె." లచ్చయ్య పోయి పదేళ్లయింది. జంపయ్య ఇరవై రెండేళ్లుగా ఆ మాట దాటలేదు. కొత్త జత కొంటే ముందుకే. ముందువి అరిగాక వెనక్కి. వెనక అవి గాట్లన్నీ పోయి, దోసపండులా నున్నగా తేలేదాకా తిరుగుతూనే ఉండేవి. "నా ఎనక టైరు మీద ఈగ వాలితే జారి నడుమిరగ్గొట్టుకుంటది" అని దాన్నీ గొప్పగానే చెప్పుకునేవాడు.

రెండువేల ఏడు వానాకాలం వచ్చి ఆ గొప్పను బురదలో దించింది.

చండ్రుగొండ దాటి అడవిలోకి పోతే ఇప్పలగుంపు అని ముప్పై గడపల కోయగూడెం. అక్కడికి పోయే బండి జంపయ్యదొక్కటే. తారు రోడ్డు మీదున్న ఊరి నుంచి ఏడు మైళ్లు, మధ్యలో రెండు వాగులు, చివర నెమలిగట్టు. ఎండాకాలంలో ఆ గట్టు మామూలు ఎర్రమట్టి దారే. వాన పడిందా, సబ్బు రుద్దినట్టుంటుంది. ప్రతి బుధవారం నర్సు సుశీలమ్మ పసిపిల్లల టీకాలు ఐసు డబ్బాలో పెట్టుకుని ఆ జీపులోనే ఇప్పలగుంపు పోయేది. ఆ ఆషాఢంలో వరసగా రెండు బుధవారాలు జీపు గట్టు ఎక్కలేదు. మొదటివారం సగం నుంచి జారి వెనక్కొచ్చింది. రెండోవారం జారి, నెట్టి, మళ్లీ జారి, ఆఖరికి ఐసు కరిగి, మందు చెడుతుందని సుశీలమ్మ డబ్బా పట్టుకుని తిరుగుముఖం పట్టింది.

మంగళవారం పొద్దున ఆమె జంపయ్యను పిలిచి చెప్పింది.

"జంపన్నా, డాక్టరు సారు ఒక మాట చెప్పిండు. రేపు గూడ పోలేకపోతే, పైవారం నుంచి ఇప్పలగుంపు పిల్లల టీకాలు తారు రోడ్డు ఊళ్లెనే ఏస్తమంటుండు. తల్లులే పిల్లల్నేసుకొని రావాలె."

"ఏడు మైళ్లా? రెండు వాగులు దాటుకుంటనా? ఎవరొస్తరు నర్సమ్మా?"

"అదే నేనూ అన్న. మందు ఎండకు పెట్టి పాడుచేసుడు కంటె నయం గదా అన్నడు. ఆయన మాటా తప్పుగాదు."

ఇప్పలగుంపులో జంపయ్య కూతురు శ్యామల ఉంది. దాని ఒళ్లో మూడున్నర నెలల పిల్ల. ఒక్క సూది పడింది, రెండోది ఆలస్యమైపోయింది. పొంగే వాగులో ఆ పిల్లను భుజాన వేసుకుని శ్యామల దాటడం కళ్లముందు కనపడింది.

"రేపు ఎక్కిస్త నర్సమ్మా. ఎక్కియ్యకపోతే నా మీసం తీస్త."

"నీ మీసానికి టీకా అక్కర్లేదు గాని, బండి సంగతి చూసుకో" అందామె.

జంపయ్య నేరుగా వెంకటకృష్ణ పంక్చరు షాపుకు పోయాడు. వెంకటకృష్ణ వాళ్లు ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి పొలాలు కొనుక్కుని వచ్చినవాళ్లు. అతను పొలం తమ్ముడికి వదిలేసి టైర్లు పట్టుకున్నాడు. చెయ్యి చూసి జాతకం చెప్పేవాళ్లుంటారే, ఇతను అరుగుదల చూసి డ్రైవరు జాతకం చెప్పేవాడు. సత్తుపల్లి బొగ్గు లారీ ఒకటొస్తే, టైరు మీద ఒక్కచోట మాత్రమే అరిగిన మచ్చ చూసి, "ఏమయ్యా, మొన్న ఇంట్లో గొడవపడి బయల్దేరావా? ఆ కోపమంతా బ్రేకు మీద చూపించావు" అన్నాడు. ఆ డ్రైవరు నోరు తెరిచి, అక్కడికక్కడే పెళ్లాం కోసం మల్లెపూలు కొనుక్కుపోయాడు.

జంపయ్య బండి చుట్టూ ఒకసారి తిరిగి, వంగి, టైర్లు నిమిరి నిలబడ్డాడు. "ముందువి పెళ్లికొడుకుల్లా ఉన్నాయి. వెనకవి చూస్తే నిన్న తిరుపతి నుంచి దిగిన నా గుండులా ఉన్నాయి. మార్చి వెయ్యండి జంపయ్యగారూ. మంచివి వెనక్కి, గుండువి ముందుకి."

"గట్లెట్ల? మా లచ్చయ్య..."

"మీ జీపులో ఇంజను తిప్పేది ఏ చక్రాల్ని? వెనకవాటినే గదా! ముందువి ఊరికే దొర్లుతాయి, దారి చూపిస్తాయి. నెట్టేవాడికి చెప్పుల్లేకుండా చేసి, ముందు నడిచేవాడికి బూట్లు తొడిగారు మీరు."

"లచ్చయ్య చెప్పిండయ్యా! ముప్పై ఏండ్లు లారీ నడిపినోడు."

"ఎక్కడ నడిపాడండీ?"

"ఖమ్మం నుంచి బెజవాడ."

"ఆ రోడ్డు మీద ఆయన చెప్పింది నిజమే. మరి ఆయన నెమలిగట్టు ఎప్పుడైనా ఎక్కాడా?"

జంపయ్యకు చురుక్కుమంది. పోయినవాడి మాట మీద ఇంకొకడు ప్రశ్న వేస్తే ఆయనకు ఒళ్లు మండుతుంది. "గాలి చూడు చాలు. జాతకం అడగలె" అన్నాడు. వెంకటకృష్ణ నవ్వి గాలి చూసి పంపించాడు.

బుధవారం తెల్లవారుతూనే చినుకులు. జీపులో సుశీలమ్మ, ఆమె ఒళ్లో ఐసు డబ్బా, ఇప్పలగుంపు వాళ్లు ఏడుగురు. వెనక తలుపు దగ్గర రెండు యూరియా బస్తాలు, వాటి మీద బాలి. బాలి శ్యామల మొగుడికి మేనత్త. జంపయ్యకు వదినె వరస. మోకాళ్లు పట్టేసిన మనిషి, నోరు మాత్రం ఎక్కడా పట్టెయ్యలేదు.

వాగులు రెండూ మోకాలి లోతే ఉన్నాయి, దాటారు. నెమలిగట్టు కింద జీపు ఆగింది. ఆ దారిలో ఒక ఆనవాయితీ ఉంది. గట్టు రాగానే ఎవరూ చెప్పకుండానే అందరూ దిగుతారు. చెప్పులు చేతబట్టుకుంటారు. బరువు తగ్గితే బండి ఎక్కుతుందని జంపయ్యే నేర్పిన పద్ధతి అది. అందరూ దిగారు. బాలిని ఇద్దరు పట్టి దించారు. బస్తాలు కూడా దించి ఆకుల మీద పెట్టారు.

జంపయ్య బానెట్టుకు దణ్ణం పెట్టి, ఫస్టు గేరు వేసి పోనిచ్చాడు. బండి ఉరుకుతూ పోయి, సరిగ్గా దారి పక్కనున్న టేకు మొద్దు దగ్గర, పోయిన రెండు వారాలూ ఆగిన చోటే, వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. ఎర్రమట్టి వెనకున్న వాళ్ల మొహాల మీద చల్లి, బండి మెల్లగా వెనక్కి జారి కిందికొచ్చింది. మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ మొద్దు దగ్గరే.

"ఆ మొద్దుకు నీ బండితోని పెండ్లి చేస్తే పోలె? ఇంకో ఊరికి పోనే పోనంటది" అంది బాలి.

వాన పెరిగింది. సుశీలమ్మ డబ్బా మూత తీసి చూసి, మూసి, దాని మీద కొంగు కప్పింది.

"మూడోసారి" అన్నాడు జంపయ్య. "జరుగుండ్రి."

బాలి జరగలేదు. "నా బస్తాలు తడుస్తున్నయ్. యూరియా నీళ్లైతే పొలానికి ఏం జల్లాలె, నీ కథలా? ఎక్కియ్యుండ్రి." మొగవాళ్లు బస్తాలు ఎక్కించారు. వాటి మీద తనూ ఎక్కి కూర్చుంది.

"దిగు వదినె! బరువైతది!"

"దిగ. నా మోకాళ్లు నిన్ను గన్నయా, గడియ గడియకు దించి ఎక్కిస్తవ్? జారితే నాతోనే జారనియ్ మరిదీ."

జంపయ్యకు కోపం తన్నుకొచ్చింది. కోపంతోనే గేరు వేశాడు. జీపు మొద్దు దగ్గరికొచ్చింది. జారుతుందని బ్రేకు మీద కాలు సిద్ధంగా పెట్టుకున్నాడు. జారలేదు! మొద్దు దాటింది. ఇంకో పది గజాలు పోయి, పైన దారి పక్కనున్న తెల్లరాయి దాకా ఎక్కింది. ఆ వానాకాలంలో ఆ రాయిని ఆయన బండిలోంచి చూడటం అదే మొదలు. అక్కడ చక్రాలు తిరిగి, మళ్లీ కిందికి జారింది.

జంపయ్య దిగి జీపు వెనక్కొచ్చి బాలిని ఎగాదిగా చూశాడు.

"వదినె, నువ్వెంత బరువుంటవ్?"

"సిగ్గులేదా? ఆడోళ్ల బరువడుగుతవ్!"

"గదిగాదే. అందరు దిగితే మొద్దు కాడ ఆగింది. నువ్వు, బస్తాలు ఎనక కూసుంటె రాయి దాక పోయింది."

"మరి దుక్కిల గుంటక మీద మనిషి నిలబడకపోతే అది మట్టిని కరుస్తదా? నీకు తెల్వదా? చిన్నప్పుడు తోలినోడివే గద!"

జంపయ్య వానలోనే వంగి వెనక చక్రం నిమిరి చూశాడు. వెనక బరువు పడితే వెనక చక్రం మట్టిని కరుస్తోంది. అంటే గట్టు ఎక్కించేది వెనకదే. అక్కడేమో గుండు టైర్లు. ముందు పెళ్లికొడుకులు ఊరికే దొర్లుతున్నారు. పంక్చరు షాపు వాడి మాట చెంప మీద చరిచినట్టు తగిలింది. లచ్చయ్య గుర్తొచ్చాడు. తారు రోడ్డు, పక్క సీట్లో లచ్చయ్య, ఆయన బీడీ పొగ. ఆ మనిషి తన జీవితంలో బురదలో బండి పెట్టలేదు. తనకు తెలిసిన రోడ్డు మీద తనకు తెలిసింది చెప్పాడు. ఇక్కడుంటే ఏమనేవాడో!

"లచ్చన్నా, ఇది నీ రోడ్డు కాదే" అని గొణిగి, సీటు కింద నుంచి జాకీ లాగాడు.

"ఏంది జంపన్నా?" అంది సుశీలమ్మ.

"టైర్లు మారుస్తున్న. మంచియి ఎనకకు. ఐసు ఇంకెంతసేపుంటది?"

"గంట. మీదికి ఒక్క నిమిషం గూడ చెప్పలేను."

బురదలో జాకీ దిగబడకుండా కింద రాతిపలక వేశారు. చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టారు. ఇద్దరు పానా పట్టారు, ఒకరు నట్లు చెంగులో మూటగట్టి పట్టుకున్నారు. ముందు చక్రం ఊడదీసి దాని చోట స్టెప్నీ, అదీ గుండుదే, వేయడం, వెనకది తీసి మంచిది వేయడం, ఆ తీసిన గుండుదాంతో అటుపక్క మళ్లీ అదే పని. నలభై నిమిషాలు పట్టింది. బాలి బస్తాల మీంచి దిగకుండానే అందరికీ పనులు చెప్పింది. బండితో పాటు ఆమెను కూడా జాకీ మీద లేపాల్సి వచ్చింది. జాకీ ఆ రోజు మూలిగిందని జంపయ్య ఇప్పటికీ చెబుతాడు.

"ఇగ అందరు ఎక్కుండ్రి" అన్నాడు.

"ఎక్కాలెనా? గట్టు కాడ?" జనం నమ్మలేదు.

"అవ్, ఎక్కాలె. ముందటెవ్వరు కూసోవద్దు. అందరు ఎనకకే, తలుపు కాడికి. సగం మంది ఎనక పలక మీద నిలబడుండ్రి. నర్సమ్మా, నువ్వు గూడ. డబ్బా గూడ బరువే."

ఫస్టు గేరు. జీపు గుర్రుమంది. మొద్దు వచ్చింది, పోయింది. తెల్లరాయి దగ్గర ఒక్క క్షణం వెనక చక్రాలు తడబడ్డాయి. బాలి "కూసోండ్రి, గట్టిగ కూసోండ్రి" అని అరిచింది, ఎలా కూర్చుంటే గట్టిగా కూర్చున్నట్టో ఎవరికీ తెలియకపోయినా. గాట్లు మట్టిని పట్టాయి. పట్టిన సంగతి సీటు కింద నుంచి వెన్నులోకి తెలిసింది జంపయ్యకు. స్టీరింగ్ మాత్రం చేతిలో తేలిపోయింది. మెల్లగా, ఒక్కో మూరా పెరుక్కుంటూ జీపు గట్టు మీదికెక్కి నిలబడింది.

సుశీలమ్మ డబ్బా తెరిచి చెయ్యి పెట్టి చూసింది. "ఐసుంది. పోనియ్" అంది.

ఇప్పలగుంపులో తల్లులు ఇళ్ల ముందు సాయమాన్ల కింద పిల్లల్నేసుకుని కూర్చుని ఉన్నారు, వస్తుందో రాదో తెలియని బండి కోసం. శ్యామల వంతు ఏడోది. మనవరాలికి సూది పడగానే అది ఊరంతా వినపడేలా ఏడ్చింది. జంపయ్య వేపచెట్టు కింద నిలబడి, ఆ ఏడుపును చెవులారా విని, మీసం తడుముకున్నాడు. ఉంది.

తిరుగు ప్రయాణంలో గట్టు మీద జంపయ్యే అందర్నీ దింపాడు. ముందు గుండు టైర్లతో దిగుడు దారి అంటే స్టీరింగ్ మాట వినదు. లచ్చయ్య చెప్పింది పూర్తిగా తప్పు కాదని అప్పుడు తెలిసింది. గేరులోనే ఒంటరిగా, ముసలమ్మ నడకలా దిగాడు. మర్నాడు వెంకటకృష్ణ షాపులో కూర్చుని, కొత్త రబ్బరు ఎక్కించిన జత ఒకటి ముందుకు వేయించుకున్నాడు. "నాలుగు మంచియే గావాలని ముందే చెప్పొచ్చు గద" అన్నాడు జంపయ్య. "మీరు సగమే ఒప్పుకోలేదు, మొత్తం ఎలా చెబుతానండీ?" అన్నాడు అతను.

ఆ వానాకాలం ఒక్క బుధవారం కూడా తప్పలేదు. ఇప్పుడు నెమలిగట్టు కింద జంపయ్య బండి ఆపుతాడు, దించడానికి కాదు. నడిచిపోయే వాళ్లను, మోపులతో పోయే వాళ్లను కేకేసి ఎక్కించుకుంటాడు. "రాండ్రి, రాండ్రి, బరువు చాల్తలేదు! కిరాయి వద్దు!" అంటాడు. గట్టు మీద దించేస్తాడు.

చండ్రుగొండ సెంటర్లో ఆ కథ పెరిగింది. ముందు చక్రాలు రెండూ గాల్లో లేచాయట. వెనక చక్రాల మీదే జీపు మనిషిలా నడిచి గట్టెక్కిందట. పైన ఒక నెమలి ఉలిక్కిపడి ఆయనకు దారిచ్చిందట.

"మరి ఆ ఉపాయం నీకెట్ల తట్టింది?" అని ఎవరో అడిగారు.

జంపయ్య గొంతు సవరించుకున్నాడు. వెనక తలుపు దగ్గర, తన చోట తను కూర్చుని ఉన్న బాలి తల బయటికి పెట్టింది.

"చెప్పు మరిదీ. నేను గూడ వింట."

జంపయ్య ఆమె వైపు చూసి, మీసం మీద చెయ్యి తీసి, జీపు స్టార్ట్ చేశాడు.

"టైమైంది. కూసోండ్రి. ఎనకకు, ఎనకకు."