ఎడమ చెవి సంగతి

అండమాన్‌లో, మిన్నీ బే దగ్గర చేపలు పట్టే నూకన్నకి ఒక్కతే కూతురు, యర్రమ్మ. చిన్నప్పుడు చీము పట్టి ఆమెకి ఎడమ చెవి పోయింది. కుడి చెవి భేషుగ్గా ఉంది. టైపు హయ్యరు పాసై, ఎనభై ఎనిమిదిలో పోర్ట్ బ్లెయిర్‌లో ఉద్యోగం కోసం తిరగడం మొదలుపెట్టింది.

మొదట ఒక కాంట్రాక్టరు ఆఫీసులో చెవి సంగతి తానే చెప్పింది. అంతవరకు నవ్వుతూ మాట్లాడిన ఆయన ఆమె కాగితాలు మడిచి చేతికిచ్చి, "సోచ్‌కే బతాయేంగే, దీదీ" అని, ఆలోచించి చెప్తానని హిందీలో అన్నాడు. మళ్ళీ కబురు లేదు.

"సెప్పమని నిన్నెవరడిగారే? పైకి కనబడుతుందా ఏటి?" అని నూకన్న కసిరాడు.

అందుకని ఓడల ఏజెంటు దగ్గర ఆ మాటే ఎత్తలేదు. ఉద్యోగం వచ్చింది. ఇరవై రోజులు వంక పెట్టడానికి వీల్లేకుండా పనిచేసింది. ఆ మర్నాడు టైపు మిషను చప్పుడులో యజమాని ఎడమ పక్కనుంచి మూడుసార్లు పిలిచాడట. ఆమె పలకలేదు. పొగరా అని నిలదీస్తే నిజం చెప్పింది. "దాచిపెట్టి చేరావు, నిన్నెలా నమ్మేది?" అని సాయంత్రానికల్లా పంపేశాడు.

మూడోది కలప డిపో. మేనేజరు వీరరాఘవయ్య మెత్తని మనిషని పేరు. యర్రమ్మకి అప్పటికే ఒళ్ళు మండిపోతోంది. ఆయన తన కుడివైపుకి వచ్చేలా కుర్చీ జరుపుకుని కూర్చుంది.

"సార్, నాకు ఎడం చెవి ఇనబడదు. ముందు సెప్తే ఉద్యోగం ఇవ్వరు. తర్వాత సెప్తే మోసం అంతారు. ఏ రోజు సెప్తే మీకు బాగుంతదో మీరే సెప్పండి."

వీరరాఘవయ్య తడబడ్డాడు. "చెప్పడం మంచిదేనమ్మా..." అని నసిగి, ఒక ఉత్తరం చెప్పి టైపు చేయించాడు. వెతికినా తప్పు దొరకలేదు. "సరే, ఆలోచించి చెప్తాను" అన్నాడు.

"దేని గురించి సార్ ఆలోచన? పని గురించా, చెవి గురించా?"

ఆయన కాగితం బల్లమీద పెట్టాడు. "అబద్ధమెందుకు, చెవి గురించే" అన్నాడు. అలా అన్నాక ఆయనకే సిగ్గేసింది. "మూడు నెలలు చూద్దాం. రేపొచ్చి చేరు."

"చెవి సంగతి తెలిసే తీసుకున్నామని ఆర్డరులో రాయండి."

"అలా ఎవరైనా రాస్తారా?"

"రాయకపోతే రేపు మీరూ దాచిపెట్టాననే అంతారు."

ఆయన జవాబు కోసం ఆగకుండా మిషన్లో కాగితం ఎక్కించి, ఆ వాక్యంతో సహా ఆర్డరు తానే కొట్టి ముందుపెట్టింది. వీరరాఘవయ్య తల గోక్కుని, రెండుసార్లు చదివి, గొణుక్కుంటూనే సంతకం పెట్టాడు. యర్రమ్మ ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఎనిమిదిన్నరకి రావాలి!" అని ఆయన ఒక్క అరుపు అరిచాడు. బయట దుంగలు దించుతున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు.

"అరవకండి సార్!" అంది యర్రమ్మ విసుగ్గా. "రెండో చెవి బాగానే ఉంది."