పేరు గోకేసిన కార్డు

ధనుంజయరావు సీపీయూ డబ్బాను బల్ల మీద పక్కకు పడుకోబెట్టి, కొత్తగా వచ్చిన గ్రాఫిక్స్ కార్డును రెండు బొటనవేళ్ళతో లోపలికి నొక్కాడు. మొదట గాడి దొరకలేదు. వేలితో తడిమి, అంచు ఆనించి మళ్ళీ నొక్కితే టక్కుమని కూర్చుంది.

కొత్తదంటే ఈ షెడ్డుకు కొత్తది. గుడివాడలో పాత కంప్యూటర్లు అమ్మే కొట్టు నుంచి యజమాని ఫణీంద్ర నిన్ననే తెచ్చాడు. దాని పేరున్న స్టిక్కరును ఎవరో గోకేశారు. మిగిలిన జిగురు మీద దుమ్ము పేరుకుంది. ఫ్యాను రెక్కలకు నల్లటి జిడ్డు.

"అదేం కార్డో అమ్మినాయనకే తెలీదంట బాబాయ్. పనిచేస్తుందన్నాడు. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, ఆ డ్రైవర్ మాత్రం మనమే వెతుక్కోవాలంట" అని చెప్పి ఫణీంద్ర రంగులు ఉడికే చోటికి వెళ్ళిపోయాడు.

పెడన శివార్లలో ఉన్న ఆ కలంకారీ షెడ్డులో ధనుంజయరావు పని, కాగితం మీద గీసిన లతల్నీ మామిడి పిందెల్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఏ రంగుకా రంగు విడదీసి, అచ్చులు చెక్కేవాళ్ళకు పంపడం. నల్లగీత లోపల ఎరుపు ఒదిగి కూర్చోవాలి. వెంట్రుకవాసి జరిగినా గుడ్డ మీద తెలిసిపోతుంది. నేతపని ఇంట్లో పుట్టి, మగ్గం గుంటలో కూర్చోలేక పెన్సిల్ పట్టాడు. పెన్సిల్ పోయి మౌస్ వస్తే దాన్నీ పట్టుకున్నాడు. రోజూ బందరు నుంచి బస్సులో రావడం, సాయంత్రం బస్సులో పోవడం. అతను దిద్దిన పూలు ఎవరెవరి మంచాల మీదో పరిచి ఉంటాయి. వాటి మీద తన పేరు ఉండాలని అతనికెప్పుడూ తోచలేదు.

ఈ మధ్య ఒక దుప్పట్ల లాటులో ఎరుపు నల్లగీత దాటి బయటికొచ్చింది. తెర సరిగ్గా చూపించడం లేదని అతనే చెప్పాడు. నిలువు గీతలు మధ్యలో వంగుతున్నాయనీ, చూసినచోటల్లా మసకగా ఉందనీ చెప్పాడు. ఫణీంద్ర తెరను తేరిపార చూడను కూడా లేదు. బాబాయ్ అన్నాడంటే అంతే. పాత కార్డు పోయిందని తేల్చేశాడు. ఆ మాట విన్నప్పుడు ధనుంజయరావుకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత బస్సులో కూర్చుని కరెంటు స్తంభాల వైపు చూస్తే అవీ మధ్యలో వంగి కనిపించాయి. కిటికీ అద్దం బాగాలేదేమో అనుకున్నాడు. అద్దం పక్కకు జరిపి చూసే ధైర్యం చెయ్యలేదు.

స్విచ్ వేశాడు. తెర వెలిగింది. బొమ్మలన్నీ ఉబ్బి, అక్షరాలు మొద్దుబారి కనిపించాయి.

బల్ల పక్కన కూర్చుని అద్దిన గుడ్డల్లో లోపాలు ఏరుతున్న రాధాకుమారి తలెత్తింది. "ఇదేంటండీ, అక్షరాలన్నీ ఇలా వాచిపోయాయి?"

"మీక్కూడా మసగ్గా ఉందా?"

"ఉందండీ. నీళ్ళల్లో చూసినట్టుంది."

గుండెల మీంచి బరువు దించినట్టయింది. డ్రైవర్ లేకపోతే ఏ తెరైనా అంతే. ఎవరికైనా అంతే. ఆ మసక తనొక్కడిది కానందుకు అతనికి నవ్వొచ్చింది. ఫ్లాస్కులోంచి టీ పోసుకుని సగం ఆమెకిచ్చాడు.

పేరు లేని కార్డును పోల్చుకోవడానికి ఒక దారుందని అతనికి తెలుసు. కంప్యూటర్ లోపలి పరికరాల జాబితా తెరిస్తే, తయారుచేసినవాళ్ళకు ఒకటీ, కార్డుకు ఒకటీ కోడ్ నంబర్లు కనిపిస్తాయి. ముక్కు తెరకు తగిలేంతగా వంగి కార్డు నంబరు చదివాడు. ఒకటి, మూడు, మూడు, రెండు. దాన్ని పట్టుకుని నెట్‌లో వెతికాడు. ఏదో దొరికింది. డ్రైవర్ దించాడు. నొక్కితే, ఇది మీ పరికరానికి సరిపోదని వచ్చింది. ఇంకోటి దించాడు. అదీ అంతే. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"రాధాకుమారిగారూ, ఈ నంబరొకసారి చదువుతారా?"

ఆమె ఒళ్ళోని గుడ్డ దులిపి లేచింది. ఒక్క చూపు చూసి, "ఒకటి, మూడు, ఎనిమిది, రెండు" అంది.

"ఎనిమిదా?"

"ఎనిమిదేనండీ. ఇంత పెద్దదుంటే!"

అతను ఎనిమిది కొట్టాడు. వెంటనే కార్డు పేరొచ్చింది, ఫోటోతో సహా. అదే ఫ్యాను, అదే పొడవు. డ్రైవర్ దిగింది. ఇన్‌స్టాల్ నొక్కగానే తెర మొత్తం నల్లబడింది.

ఆ నలుపులో తన మొహం నీడలా కనిపించింది. బొమ్మ తిరిగి రాకపోతే బాగుణ్ణనుకున్నాడు. కార్డు చచ్చినదైతే, ఫణీంద్ర గుడివాడ వాణ్ణి తిట్టి ఇంకోటి తెస్తాడు. అదీ పనికిరాకపోతే మరోటి. అలా అనుకున్నందుకు సిగ్గేసింది.

తెర వెలిగింది.

సగంలో ఉన్న లతల డిజైన్ తెరిచాడు.

"అబ్బ! ఎంత తేటగా వచ్చిందండీ! ఆకుల్లో ఈనెలు కూడా లెక్కపెట్టొచ్చు."

అతనికి మాత్రం నల్లగీత మధ్యలో వంగే ఉంది. చూసినచోట బూడిదరంగు మచ్చ కదులుతూనే ఉంది. కుడికన్ను మూశాడు. గీత కొంచెం తిన్నబడింది. ఎడమకన్ను మూశాడు. పువ్వు మధ్యభాగమే లేదు, చుట్టూ రేకులున్నాయి.

వాళ్ళమ్మ చివరి రోజుల్లో ఎదుటివాళ్ళ మొహం కనబడాలని వాళ్ళ చెవి పక్కకు చూసేది. 'నావైపు చూడవేంటమ్మా' అని అతను విసుక్కునేవాడు. ఇప్పుడు మెల్లగా తల తిప్పి, రాధాకుమారి చెవి పక్కకు చూశాడు. ఆమె మొహం కనిపించింది. అందులో కంగారు కూడా కనిపించింది.

"ఏమైందండీ?"

"ఫణీంద్రని పిలుస్తారా అమ్మా?"

ఫణీంద్ర రంగు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "చూశావా బాబాయ్, నేను చెప్పలా? బ్రహ్మాండంగా వచ్చింది!"

"కార్డు మంచిదే నాయనా. పాతది కూడా మంచిదే." అతను మౌస్ పక్కకు నెట్టాడు. "పోయింది నా కళ్ళు. మా అమ్మకొచ్చిందే నాకూ వచ్చింది."

ఫణీంద్ర అతని పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళనుంచి?"

"కొన్నాళ్ళయింది. తెలుసుకోవాలంటే భయమేసింది."

"రేపు బెజవాడ వెళ్దాం. నేనొస్తాను."

"వెళ్దాం. ఈ డిజైన్ మాత్రం నా చేత చేయించకు."

ఆరోజు అతను మధ్యాహ్నమే బయల్దేరాడు. ఎవరికీ వీడ్కోలు చెప్పలేదు. రాధాకుమారి రోడ్డు దాకా తోడొచ్చింది. బస్సు ఆగితే బోర్డు వైపు చూసి, ఆమెనడిగాడు. "ఇది బందరుదేనా అమ్మా?"

"బందరుదేనండీ. ఎక్కండి, మెట్టు ఎత్తుగా ఉంది."

బెజవాడలో డాక్టర్లు కుడికంటికి చూపు ఇక రాదన్నారు. ఎడమకంటికి సూదులు వేస్తే ఉన్న చూపు నిలవొచ్చన్నారు. సన్నపని మానుకోమన్నారు. ఆ సంగతి అతని భార్య ప్రభావతి రాధాకుమారికి ఫోన్లో చెప్పింది. వెనకనుంచి అతని దగ్గు వినిపించింది.

కొన్నాళ్ళకు అతని చోట నవ్యశ్రీ అనే అమ్మాయి చేరింది. మొదటిరోజు కుర్చీలో కూర్చోబోయి ఒరిగిపోయి, లేచి చూసింది. చెడిపోయిన కలంకారీ ముక్కలతో కుట్టిన దిండు ఒకటి సీటు మీద ఉంది. కుడిపక్క ఎత్తుగానే ఉంది. ఏళ్ళతరబడి ఎవరో ఎడమకు ఒరిగి తెర మీదికి వంగినట్టు, ఎడమపక్క ముందంచు దగ్గర పల్చగా అట్టలా అణిగిపోయి ఉంది.