తెల్లకాగితం మీద సంతకం

మా టిఫిన్ బండి పోలీస్ స్టేషన్ ప్రహరీగోడని ఆనుకుని ఉండేది. ఏ స్టేషనో చెప్పను. చెబితే విశాఖపట్నంలో ఆ ఒక్కటే అలాంటిదనుకుంటారు.

పదకొండేళ్లు అక్కడే ఇడ్లీ, పెసరట్టు, టీ. రోడ్డు వెడల్పు చేస్తామని బళ్లన్నీ లారీల్లోకి ఎత్తుకుపోయిన రోజున కూడా మా బండి చక్రం కదల్లేదు. చుట్టుపక్కల వాళ్లు కుళ్లుకునేవారు. నేను లోలోపల పొంగిపోయేదాన్ని. మా ఆయన గురునాథరావు సంతకం పెట్టే మనిషి కదా, మమ్మల్నెవరు కదిలిస్తారు అని.

సంతకం అంటే ఏమిటో చెప్పాలి. పోలీసులు ఎవరినైనా పట్టుకుంటే, ఫలానా చోట, ఫలానా టైముకి, వాడి దగ్గర ఫలానా సొత్తు దొరికిందని కాగితం రాస్తారు. అది బయటివాళ్లు ఇద్దరు కళ్లారా చూసి కింద సంతకాలు పెట్టాలి. వాళ్లని మధ్యవర్తులంటారు. పోలీసు మాట ఒక్కటే నమ్మి ఎవడినీ లోపలెయ్యకూడదని పెట్టిన పద్ధతి. పద్ధతి మంచిదే. కానీ చూడటానికి ఎవరొస్తారు? వచ్చినా కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారు? అందుకని హెడ్ కానిస్టేబుల్ వీర్రాజు గారు సులువైన దారి కనిపెట్టారు. నెలకో రెణ్నెల్లకో పెసరట్టు తినడానికొచ్చి, ప్లేటు పక్కన నాలుగు తెల్లకాగితాలు పెట్టేవారు.

"గురునాథం, కింద ఎడం పక్కన ఎట్టు. నీ పేరు, మీ నాన్న పేరు, టీ యాపారం అని రాయి. సాలు."

మా ఆయన చేతులు తుడుచుకుని పెట్టేవాడు. ఎప్పుడైనా కోర్టు పిలిస్తే వెళ్లి, చూశానని చెప్పొచ్చేవాడు. కాగితాలకి నూనె మరకలంటకుండా కింద పాత పేపరు పరిచింది నేనే. ఇప్పుడది తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ ఏడాది డిసెంబరు పదమూడు. ఆ తేదీ నాకు చచ్చినా మరుపు రాదు. తెల్లవారుజామున అయిదున్నరకి పిండి గిన్నె దించుతూ మా ఆయన గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఒళ్లంతా చెమట. స్టాండులో ఒక్కటే ఆటో ఉంది, కంచరపాలెం సాయిశంకర్‌ది. వాడి తల్లి సన్యాసమ్మ మా బండి దగ్గర గిన్నెలు తోముతుంది. నా కేక విని శంకర్ పరిగెత్తుకొచ్చి మా ఆయన్ని రెండు చేతుల్తో ఎత్తి ఆటోలో వేసుకున్నాడు.

"అక్కా, బావ తల గట్టిగా అట్టుకో. ఏటీ అవ్వదు, నానున్నాను కదా."

ఒక్క సిగ్నల్ దగ్గర ఆగకుండా పెద్దాసుపత్రికి తోలాడు. స్ట్రెచర్ తోసింది వాడే, చీటీ నింపింది వాడే. ఇంకో అరగంట ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదన్నారు డాక్టరు. మూడు రోజులు వార్డులో ఉన్నాం. శంకర్ మళ్లీ వస్తాడని చూశాను. రాలేదు.

నాలుగో రోజు ఇంటికొచ్చేసరికి సన్యాసమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ఆసుపత్రి నుంచి తిరిగెళ్లిన శంకర్‌ని ఆ మధ్యాహ్నమే స్టాండులో పట్టుకున్నారట. పోర్టు రోడ్డు పక్కన ఎవరిదో ప్రైవేటు గోడౌనులో రాగి కేబులు పోయింది. అక్కడి కెమెరాలో ఒక ఆటో కనపడింది, నంబరు కనపడలేదు. గోడౌను ఓనరు పెద్దవాళ్లతో ఫోన్లు చేయిస్తున్నాడు. స్టేషనుకి ఒక ఆటో కావాలి, ఒక ఆటోవాడు కావాలి. దొరికాడు.

వీర్రాజు గారిని అడిగాను. "రాత్రి కొట్టేసేడమ్మా. ఆడే ఒప్పేసుకున్నాడు" అన్నారు.

రాత్రి వాడేం చేశాడో నాకేం తెలుసు, మా దగ్గరికొచ్చింది తెల్లారే కదా అనుకున్నాను. నమ్మేశాను. నమ్మకపోతే గట్టిగా అడగాలి, గట్టిగా అడిగితే బండి ఉండదు. అందుకని నమ్మకం దానంతటదే వచ్చింది. సన్యాసమ్మకి రెండు ఇడ్లీలు పెట్టి, పోలీసులు ఊరికే ఎందుకు రాస్తారు, అయినా దేవుడున్నాడని చెప్పాను. ఎదుటివాళ్ల కష్టానికి దేవుణ్ని అప్పజెప్పడంలో నేనూ అందరిలాంటిదాన్నే.

ఎలాగూ ఒప్పుకున్నాడు కదాని ఇంకో రెండు పాత కేబులు దొంగతనాలు కూడా శంకర్ మెడకే కట్టారు. జామీను నిలబడే నాథుడు లేక వాడు అడవివరం జైల్లోనే ఉండిపోయాడు. అయిదు నెలలు గడిచాక ఒకరోజు సన్యాసమ్మ కాగితాల కట్ట పట్టుకొచ్చింది.

"సదువుకున్నదానివి, ఇందులో ఏటి రాసేరో సెప్పమ్మా. లాయరమ్మ ఇచ్చింది."

బేరం పల్చగా ఉంది. స్టూలు మీద కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టాను. డిసెంబరు పదమూడో తేదీ ఉదయం ఆరు గంటలకు, రైల్వే గేటు వద్ద, ఆటోలో రాగి కేబులుతో పారిపోతున్న సాయిశంకర్‌ను మధ్యవర్తుల సమక్షంలో పట్టుకోవడమైనది. కింద ఎడమ పక్కన మొదటి మధ్యవర్తి. గురునాథరావు, తండ్రి సింహాచలం, టీ వ్యాపారం.

ఉదయం ఆరు గంటలకు! ఆ టైముకి మా ఆయన తల నా ఒళ్లో ఉంది. ఆటో శంకర్ చేతుల్లో ఉంది. ఆ మూడు రోజులూ బండి మూసుందని స్టేషనంతా చూసింది, టీ లేదని తిట్టుకునే ఉంటుంది. కాగితం రాసినవాడికి మాత్రం ఈ మనిషి బతికున్నాడా చచ్చాడా అని చూడాలనిపించలేదు. బీరువాలో తెల్లకాగితం ఉంది, కింద సంతకం ఉంది, పైన రాసేశాడు.

"ఏటమ్మా, ఆగిపోనావు?" అంది సన్యాసమ్మ.

అబద్ధం చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. "ఇది మా ఆయన సంతకం" అన్నాను.

ఆవిడ అరుస్తుందనుకున్నాను. శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. తోముతున్న గిన్నె కింద పెట్టి నా మొహంలోకి చూసింది.

"ఆరింటికి మా గుంటడు నీ మొగుణ్ని మోత్తన్నాడు కదమ్మా" అంది. గిన్నెలు సగంలో వదిలేసి వెళ్లిపోయింది. మళ్లీ పనికి రాలేదు.

ఆ రోజు మా ఇంట్లో జరిగిన రభస వీధంతా విన్నది.

"నానేటి సేత్తానే? తెల్లకాయితం. అందులో ఏటుందని సదవమంటావ్?" అన్నాడు మా ఆయన.

"ఏటీ లేదు కాబట్టే అడగాలి మావా."

"ఆల్లు శంకర్ పేరే రాత్తారని నాకేటైనా కలొచ్చిందా?"

"అంటే ఇంకెవుడి పేరు రాసినా పర్లేదా?"

కోపంలో అన్నాను గానీ, ఆ మాట బరువు నాకూ అప్పటికి తెలీదు.

ఇంకో నాలుగు నెలలకి కోర్టు నుంచి సమను వచ్చింది. దాని వెనకాలే వీర్రాజు గారూ వచ్చారు. ఉప్మా తింటూ పాఠం చెప్పారు.

"సూసేను అను. ఇది నా సంతకమే అను. రెండే ముక్కలు. సూడలేదన్నావనుకో, ఇన్నాల్లూ నువ్ పెట్టినియ్యన్నీ దొంగ సంతకాలే అవుతాయి. అప్పుడు లోపలికెల్లేది నువ్వు. బండి సంగతి మరి నానేటి సెప్పాలి?" ప్లేటు నా వైపు జరిపి, "కొంచెం అల్లం సట్నీ ఎయ్యమ్మా" అన్నారు.

వేశాను. ఆ చట్నీ ఆయన మొహాన కొట్టనందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

"సూసేననే అంటాను రోజా" అన్నాడు మా ఆయన ఆ సాయంత్రం. "నా గుండె జైలుకి తట్టుకోదే."

"ఆ గుండె ఇంకా కొట్టుకుంటందంటే ఎవుడి పున్నెం?"

తలొంచుకున్నాడు. ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్ల గురించి వినడమే గానీ, అలాంటివాడికి రోజూ నా చేత్తో అన్నం పెడుతున్నానని అప్పుడే తెలిసింది.

మర్నాడు బియ్యం డబ్బా వెనకున్న ఆసుపత్రి కవరు తీశాను. చీటీ మీద తేదీ ఉంది. టైము ఆరూ అయిదు. తీసుకొచ్చిన మనిషి: సాయిశంకర్, ఆటో డ్రైవర్, ఫోన్ నంబరు. వంకర అక్షరాలు, వాడి చేతిరాతే. ఆ చీటీ పట్టుకుని కోర్టుకెళ్లాను. శంకర్ తరఫున ప్రభుత్వం పెట్టిన లాయరు మహేశ్వరి గారు. చిన్న వయసు, చంకలో బరువైన ఫైళ్లు. చీటీని రెండుసార్లు చదివారు.

"ఆ రోజు ఆస్పత్రికెళ్లానని శంకర్ మొదట్నుంచీ మొత్తుకుంటున్నాడు. ఎవరూ వినలేదు. ఇది చాలు, ఆస్పత్రి రికార్డు కూడా తెప్పిస్తాను. కానీ ఒకటి వినండి. మీ ఆయన బోనెక్కి చూశానని చెబితే, అబద్ధపు సాక్ష్యం చెప్పాడని ఆయన మీద కేసు పెట్టమని నేనే అడుగుతాను. అడక్క తప్పదు. ముందే నిజం చెప్పమనండి."

"సెప్పేనమ్మా. ఇనలేదు."

"మరి?"

చీటీ ఆవిడ చేతిలోనే ఉంది. వెనక్కి తీసుకోవచ్చు. పద్దెనిమిదేళ్ల కాపురం, గుండె జబ్బు మనిషి. కానీ ఆ చీటీ మీది రాత నా కళ్ల ముందు నుంచి కదల్లేదు. "ఉంచండమ్మా" అని వచ్చేశాను.

చీటీ ఇచ్చానని మా ఆయనకి చెప్పలేదు. చెబితే నిజమే చెప్పేవాడేమో. కానీ అది చీటీకి భయపడి చెప్పే నిజం. తనంతట తాను నోరు విప్పుతాడేమో చూడాలనుకున్నాను. అది నా మొండితనమంటే కాదనను. కోర్టు మెట్ల దగ్గర మాత్రం చెయ్యి పట్టుకుని "మావా, ఇంకా టైముంది" అన్నాను. ఆయన నన్ను చూడలేదు. అవతల నిలబడ్డ వీర్రాజు గారిని చూశాడు.

శంకర్‌ని తీసుకొచ్చారు. పది నెలల్లో సగమైపోయాడు. మా ఆయన బోనెక్కి కమ్మీ పట్టుకున్నాడు. పోలీసుల తరఫు లాయరు అడిగినవాటికి రెండు ముక్కలూ అప్పజెప్పాడు. సూసేను. నా సంతకమే. వీర్రాజు గారు తల ఊపారు.

మహేశ్వరి గారు లేచారు. "పొద్దున్న ఆరింటికి రైల్వే గేటు దగ్గరికి ఎలా వెళ్లారు?"

"నడిసెల్లేనమ్మా."

"ఒంట్లో బాగానే ఉందా?"

"బానే ఉంది."

"ఈ శంకర్‌ని పట్టుకోవడం ఎంత దూరం నుంచి చూశారు?"

అప్పుడు మొదటిసారి శంకర్ వైపు చూశాడు మా ఆయన. "దగ్గర్నుంచే."

ఆవిడ ఆసుపత్రి చీటీ తీసి మేజిస్ట్రేటు గారికిచ్చి, తేదీ, టైము, పేరు ఒక్కొక్కటీ పైకి చదివారు. మా ఆయన చీటీని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను తల తిప్పుకోలేదు.

"ఏమయ్యా, దీనికేమంటావు?" అన్నారు మేజిస్ట్రేటు గారు.

మా ఆయన రెండు చేతుల్తో కమ్మీ పట్టుకుని ముందుకి వాలాడు. పడిపోతాడేమోనని కానిస్టేబుల్ దగ్గరకొచ్చాడు. చివరికి కమ్మీ మీద తల ఆనించి అన్నాడు. "నానా రోజు ఎవుల్నీ అట్టుకోడం సూడలేదు బాబూ. ఆ గుంటడే నన్నట్టుకున్నాడు, సచ్చిపోకండా."

ఆ కేసు కొట్టేశారు. దాంతో మిగతా రెండింటిలో సొంత పూచీ మీదే జామీను దొరికి, పదకొండో నెలలో శంకర్ బయటపడ్డాడు. మా ఆయన మీద అబద్ధపు సాక్ష్యం కేసు మొదలైంది. మరి ఆ కాగితం రాసినవాళ్లకి ఏమైందంటారా? ఎస్సై గారికి బదిలీ అయితే దండలేసి సాగనంపారు. వీర్రాజు గారు అక్కడే ఉన్నారు. మా బండి ట్రాఫిక్‌కి అడ్డమని ఆ వారంలోనే ఎత్తించేశారు. పదకొండేళ్లు అడ్డం కాని బండి! ఇప్పుడు ఆ గోడ పక్కన జ్యూస్ బండి ఉంది. కొత్త చట్టం వచ్చింది, పట్టుకునేటప్పుడు వీడియో తియ్యాలంటున్నారు. తీస్తారు, ఎందుకు తియ్యరు. తెల్లకాగితం నింపడం వచ్చినవాళ్లకి వీడియో తియ్యడం రాదా?

పోయిన ఆదివారం పొద్దున్న శంకర్ మా ఇంటికొచ్చాడు. చీటీ ఇచ్చినందుకు ఒక మంచి మాట అంటాడని ఆశపడ్డాను. నా బతుకులో అంత ధైర్యం ఎప్పుడూ చెయ్యలేదు మరి. టీ ఇస్తే ముట్టుకోలేదు. గుమ్మంలో నిలబడే మా ఆయన్ని అడిగాడు.

"బావా, నాకు ముందు ఎంతమంది?"

మా ఆయన అర్థం కానట్టు చూశాడు.

"జైల్లో నా పక్కన నూకరాజని ఒకాయన పడుకునేవోడు. గొలుసు దొంగతనం కేసు. శిచ్చ పడిపోయింది. మద్దివర్తి టీ బండోడంట, కోర్టుకొచ్చి సూసేనని సెప్పేడంట. నానెప్పుడూ గొలుసు అట్టుకోనేదురా అని ఏడిసేవోడు. నాను నమ్మలేదక్కా. పోలీసులు ఊరికే ఎందుకు రాత్తారు అన్నాను." నా వైపు తిరిగాడు. "నువ్వు నా తల్లితో అన్నట్టే."

శంకర్ బయటికొచ్చాడు కాబట్టి అంతా అయిపోయిందనుకున్నాను నేను. చీటీ ఇచ్చి పాపం కడిగేసుకున్నాననుకున్నాను. పదకొండేళ్లు నెలకి నాలుగో, రెండు నెలలకి నాలుగో. అన్ని కాగితాల కిందా మా ఆయన పేరుంది. పైన ఎవరి పేర్లున్నాయో మాకు తెలీదు. మాకు గుండెపోటు రాని రోజుల్లో వాళ్లని పట్టుకున్నారు. వాళ్ల కోసం ఏ చీటీ లేదు.

"ఆయనింకా అక్కడే ఉన్నాడు బావా" అన్నాడు శంకర్.

లోపలికెళ్లి మా ఆయన చొక్కా తెచ్చి మంచం మీద పడేశాను. "లెగు. లాయరమ్మ కాడికెల్దాం. గొలుసు కేసులో నువ్ సూడలేదని సెప్పాలి. ఆ తెల్లకాయితాలన్నిటి సంగతీ సెప్పాలి."

"ఒక్క కేసుకే నా పానం పోతంది. అన్నీ సెప్తే నాను బతుకుతానా రోజా?"

"బతికితే సెప్పే బతుకు మావా. లేదంటే ఆ రోజు ఆటోలోనే పోయుండాల్సింది."

అనకూడని మాటే. అన్నాను. వెనక్కి తీసుకోను. ఆయన నా వైపూ, శంకర్ వైపూ చూశాడు. చొక్కా తొడుక్కుంటుంటే బొత్తాలు చేతికి అందలేదు. నేను పెట్టలేదు.

శంకర్ వెళ్లి ఆటో స్టార్ట్ చేశాడు. దిగొచ్చి చెయ్యి అందించలేదు. మా ఆయన కమ్మీ పట్టుకుని, ఆగి, ఊపిరి తీసుకుని, ఈసారి తనే ఎక్కాడు.