పెరగాల్సిన బీపీ

ఆ ఇంట్లో ఏడాదిగా బీపీ మిషనే పెద్దదిక్కు. అంకె తగ్గితే అందరి ప్రాణం కుదుటపడేది, కాస్త పెరిగిందా, ఇక ఎవరికీ ముద్ద దిగేది కాదు. అందుకే ట్రెడ్‌మిల్ పరీక్ష రోజు పొద్దున్నే క్రేన్ ఆపరేటర్‌గారు తన తెలివంతా చూపించారు. గుండె వేగం తగ్గించే మాత్ర ఒకటి వేసుకోవాల్సింది, రెండు మింగారు.

"డాక్టర్‌తో అన్నావో, చూడు మరి!" అని పెళ్లాన్ని బెదిరించడం కూడా అయింది.

ఆయన గుండె బలహీనపడి పంపింగ్ తగ్గింది. ఈ పరీక్ష గట్టెక్కితేనే కంపెనీ మళ్ళీ క్రేన్ ఎక్కనిస్తుంది. ఎక్కడమంటే మాటలా! నిలువు నిచ్చెన, కింద మనుషులు చీమల్లా కనిపించే ఎత్తు, పైన అగ్గిపెట్టెంత క్యాబిన్. కింద స్టోర్‌లో కూర్చునే పని ఇస్తామన్నారు. "నేను మేకులకి కాపలా కాయాలా?" అని మండిపడ్డాడు.

ఛాతీ నిండా వైర్లు అంటించి, చేతికి బీపీ పట్టీ చుట్టి, ఆయన్ని బెల్టు మీద నిలబెట్టారు. భార్య మూల కుర్చీలో చేతిసంచి గట్టిగా పట్టుకుని కూర్చుంది. బెల్టు కదిలింది. కాసేపటికి టెక్నీషియన్ అమ్మాయి స్క్రీన్ చూసి, "పల్స్ పెరగట్లేదు సార్," అంది డాక్టరుతో. బెల్టు మీద నడుస్తూనే ఆయన భార్య వైపు తిరిగి కన్నుకొట్టాడు. చూశావా నా తెలివి, అన్నట్టు! మరి కాసేపటికి బీపీ మొదట్లో కంటే తక్కువైంది. ఆయన నవ్వు మాయమైంది, పెదాలు పాలిపోయాయి, కాళ్లు తడబడ్డాయి. బెల్టు ఆపేశారు.

ఆయన్ని మంచం మీద పడుకోబెట్టాక డాక్టరు మొహం చూసి ఆవిడ కుర్చీలోంచి లేచి వచ్చింది.

"నడిచేటప్పుడు పల్సూ బీపీ రెండూ పెరగాలమ్మా. పెరగలేదంటే గుండె అందుకోలేకపోతోందని అర్థం. ఇక క్రేన్ సంగతి మర్చిపోవడమే."

ఆయన కక్కలేక మింగలేక చూస్తున్నాడు. ఆవిడే నోరు ఆపుకోలేకపోయింది. "ఈయన రెండు మాత్రలు మింగారండీ!"

"అంత తెలివుంటే నేనెందుకయ్యా ఇక్కడ?" డాక్టరు కస్సుమన్నాడు. "ఇవాళ్టిది లెక్కలోకి రాదు. వచ్చే వారం రండి. రోజూ వేసుకునేంతే వేసుకోండి."

"నువ్వు చెప్పబట్టి ఇంకో ఛాన్స్ వచ్చిందే," అన్నాడాయన దారిలో. ఆయన నోట అంత మాట రావడమే గొప్ప.

ఆవిడకి మాత్రం ఆ వారమంతా కంటిమీద కునుకు లేదు. ఏం కోరుకోవాలి? అంకె పెరగాలనే కోరుకోవాలి. పెరిగితే ఆయన నిచ్చెన ఎక్కుతాడు. సగంలో కళ్లు తిరిగితే? ఆ ఆలోచనకే కుట్టుమిషన్ మీద చేతులు ఆగిపోయేవి.

మళ్ళీ అదే గది, అదే బెల్టు. ఈసారి పల్స్ పెరిగింది. బీపీ కూడా పెరిగింది.

"ఎక్కుతోంది, చూడవే!" అని కేకేశాడాయన, చిన్నపిల్లాడిలా.

ఆవిడ నవ్వబోయింది, నవ్వు రాలేదు. టెక్నీషియన్ వేగం పెంచింది. చేతి పట్టీ మళ్ళీ బిగుసుకుంది. అంకె తగ్గింది. ఇంకోసారి చూశారు. ఇంకా తగ్గింది.

"ఆపేయండి," అన్నాడు డాక్టరు.

"నాకేం కాలేదు సార్! నడుస్తా! పల్స్ పెరిగిందిగా!"

"గుండె పరిగెడుతోందయ్యా, కానీ కాళ్లు అడిగినంత రక్తం పంపలేకపోతోంది. అందుకే ప్రెషర్ పడిపోతోంది. మందులు మార్చి చూద్దాం. మెల్లగా నడక మొదలుపెడదాం. క్రేన్ మాత్రం వద్దు."

ఆయన తల వాలిపోయింది. ఆవిడకి అమ్మయ్య అనిపించింది. ఆ వెంటనే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. తువ్వాలు తీసుకుని గబగబా వెళ్లి ఆయన మెడ మీద చెమట తుడిచింది. ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. ఇన్నేళ్ల కాపురం, ఏం దాస్తుంది పాపం!

"సంతోషంగా ఉంది కదే నీకు?"

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "ఉందండి," అంది. "కాళ్లు వణికేంత సంతోషంగా ఉంది."

టెక్నీషియన్ వైర్లన్నీ తీసేశాక ఆయన చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకోకుండానే ఆవిడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆవిడ ఒక్కొక్కటే పెట్టింది.