గుండీల నిక్కరు

అల్లుడి గొంతు వింటేనే అమ్మమ్మకు ఒళ్ళు మండుతుంది. నాలుగేళ్ళ పిల్లాణ్ణి పట్టుకుని 'ప్రొఫెసరుగారూ' అని పిలుస్తాడు. ఇంటికి ఎవరొచ్చినా, వాళ్ళింకా కుర్చీలో సర్దుకోకముందే పిల్లాణ్ణి లాక్కొచ్చి చేతికి పేపరిస్తాడు. వాడు ఎన్నికల వార్తలు గడగడా చదివేస్తుంటే, బీమా ఆఫీసులో కాగితాల మీద ముద్రలు గుద్దుకునే ఈ మహానుభావుడు ఆ ఎన్నికలేవో తనే గెలిచినట్టు ముఖం పెడతాడు. వచ్చినవాళ్ళు నోరెళ్ళబెట్టాలి. వెళ్ళబెట్టకపోతే కూడికలు కూడా చేయిస్తాడు.

పిల్లాడు తెలివైనవాడే, అది ఆవిడా కాదనదు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే వాడికి చదవడం వచ్చేసింది. మధ్యలో ఈయనగారి గొప్పేమిటన్నదే ఆవిడ మంట.

బళ్ళో చేరాలంటే ఐదేళ్ళు నిండాలి. వయసుకు మించి చదివే పిల్లలకు మాత్రం ఒక సందు వదిలారు. ముందు ఒక పరీక్ష పెడతారు. అది గట్టెక్కితే ఒక పూట ఒకటో తరగతిలో కూర్చోబెట్టి చూస్తారు. పెద్దవాళ్ళు వెంట ఉండకూడదు. ఆ పూట నెగ్గుకొస్తే ఏడాది ముందే సీటు. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి అల్లుడికి కాలు నిలవలేదు. ఆవిడ పిల్లాడికి స్నానం చేయిస్తుంటే బాత్రూము గుమ్మంలో నిలబడి ప్రశ్నలు వేసేవాడు. సబ్బు నురగ నోట్లోకి పోతున్నా పిల్లాడు జవాబు చెప్పాల్సిందే.

కూతురు పళ్ళ డాక్టరు. పొద్దున్న వెళ్తే చీకటి పడ్డాకే రావడం. పిల్లాణ్ణి చూసుకోవడానికని ఆవిడను తెచ్చిపెట్టుకున్నారు. బడి సాయంత్రం దాకా ఉంటుంది కాబట్టి, సీటు వస్తే ఆవిడతో పనుండదు. ఆవిడ గదిలో తన ఆఫీసు బల్ల వేసుకోవచ్చని అల్లుడు భోజనాల దగ్గర ఒకసారి నోరు జారనే జారాడు. పాపం అత్తయ్య కూడా ఎన్నాళ్ళని కష్టపడతారు, బావగారింట్లో హాయిగా విశ్రాంతి తీసుకుంటారు అన్నాడు. ఆ బావగారి భార్య, అంటే ఆవిడ కోడలు, అత్తగారు కూర్చుని లేస్తే కుర్చీ కవరు ఉతికించే రకం. అక్కడికి పోవడం కంటే ఏ సత్రంలోనో పడుండటం నయమనుకుంది ఆవిడ.

మనవడికి తినిపించడం, బూట్లు తొడగడం, నిక్కరు విప్పడం అన్నీ ఆవిడ చేతి మీదే. పేపరు చదివే ప్రొఫెసరుగారికి తన బూటు తాను తొడుక్కోవడం రాదన్న సంగతి కన్నవాళ్ళకు పట్టనే లేదు. ఆవిడకు పట్టింది. లోలోపల కాస్త తీపిగా కూడా ఉండేది.

పరీక్షలో పిల్లాడు అదరగొట్టాడు. తరగతిలో కూర్చోబెట్టే రోజున కూతురు లాగితే దిగిపోయే ఎలాస్టిక్ నడుము లాగు మంచం మీద తీసిపెట్టి క్లినిక్కు వెళ్ళిపోయింది. అమ్మమ్మ దాన్ని మళ్ళీ బీరువాలో పెట్టేసి, ముందంతా గుండీలున్న కొత్త నిక్కరు బయటికి తీసింది. బడికి వెళ్తూ ఆ వేలాడే లాగేమిటి, నలుగురిలో చూడ్డానికి బాగుండొద్దూ అనుకుంది. అంతకు మించి ఏమీ అనుకోలేదని తనకు తానే చెప్పుకుంది కూడా. ఆ గట్టి గుండీలు పెట్టేసరికి ఆవిడ వేళ్ళే నొప్పెట్టాయి.

మధ్యాహ్నం వాణ్ణి తీసుకురావడానికి అల్లుడూ ఆవిడా కలిసే వెళ్ళారు. పిల్లాడు ఎవరిదో వదులు లాగు వేసుకుని హెడ్మిస్ట్రెస్ గదిలో ఒక మూల కూర్చుని ఉన్నాడు. హెడ్మిస్ట్రెస్ బల్ల మీద ప్లాస్టిక్ సంచిలో తడి నిక్కరు ఉంది.

"చదువులో మా పెద్దపిల్లలు కూడా వీడి ముందు చాలరండీ," అంది హెడ్మిస్ట్రెస్. "కానీ గుండీ తీసుకోవడం రాక నిలబడ్డచోటే తడుపుకున్నాడు. డబ్బా మూత తీసుకుని తినడమూ రాలేదు. ఇవి నేర్పి నెలాగి తీసుకురండి, మళ్ళీ చూస్తాం. లేదంటే వచ్చే ఏడాదే."

దారిలో ప్రొఫెసరుగారన్న పిలుపు ఎక్కడికి పోయిందో పోయింది. గ్రహాల పేర్లు చెప్తాడు గానీ నిక్కరు విప్పుకోవడం రాదు వెధవకి అని అల్లుడు కారు నడుపుతూనే సణిగాడు. తన పరువు తీశాడన్నాడు. తడుపుకున్నది పిల్లాడు, పరువు పోయింది ఈయనది. ఇల్లు దగ్గర పడుతుండగా అడిగాడు, "నెలలో నేర్పగలరా అత్తయ్యా?"

"నెలలో ఎక్కడొస్తాయి బాబూ, లేత వేళ్ళు," అంది ఆవిడ.

అయితే వచ్చే ఏడాదే చూద్దాం, ఇంకో ఏడాది మీకు తప్పదు అన్నాడు అల్లుడు. దానికేముందిలే అంది ఆవిడ. గది దక్కింది. చాలా రోజుల తర్వాత ఆవిడ మనసు కుదుటపడింది.

ఇంటికొచ్చి బాత్రూములో నిక్కరు ఉతుకుతుంటే పిల్లాడు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"నిన్ను పిలిచాను అమ్మమ్మా," అన్నాడు. "చాలాసార్లు పిలిచాను. అమ్మమ్మ కావాలంట అని అందరూ నవ్వారు."

ఆవిడ కుళాయి కట్టేసింది. ఇన్నాళ్ళూ అల్లుణ్ణి పూచికపుల్లలా తీసిపారేసింది. అతను పిల్లాణ్ణి ఊరందరికీ చూపించి మురిశాడు, అంతే కదా. తను వాణ్ణి పదిమందిలో తడిబట్టలతో నిలబెట్టి గది కాపాడుకుంది. తన మీద తనకు పుట్టినంత అసహ్యం అల్లుడి మీద ఏనాడూ పుట్టలేదు.

నిక్కరు గట్టిగా పిండి, గుండీలన్నీ పెట్టి, పీట మీద కూర్చుని ఒళ్ళో పరిచింది. వాడి వేళ్ళు పట్టుకుని గుండీ మీద పెట్టింది.

"దీన్ని ఇలా పక్కకి తిప్పు. ఇప్పుడు కాజాలోంచి తొయ్యి."

మొదటిసారి జారిపోయింది. రెండోసారి ఊడి వచ్చింది. తర్వాతి గుండీకి ఆవిడ చెయ్యి అవసరమే పడలేదు. వరసగా అన్నీ తీసి, మళ్ళీ అన్నీ తనే పెట్టాడు.

"ఇంతేనా అమ్మమ్మా?" అన్నాడు నిక్కరు వైపే చూస్తూ.

"ఇంతే నాన్నా," అంది ఆవిడ.