గమ్ము పట్టేదాకా

గెడ్డ కాలువ పొంగి జ్ఞానాపురం ఇళ్లలోకి నీళ్లు చేరిన ఏడాది అది. వేసవిలో ఆపేసిన చేపల వేట ఆ రాత్రితో మళ్లీ మొదలవుతుంది. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ ఐసు నింపుకుంటున్నాయి. ఒక బోటు మీద మాత్రం డ్రైవర్ గదికి ముందు అద్దం లేదు. కృపాకర్ దాని ఎదుట మోకాళ్ల మీద కూర్చుని, ఖాళీ ఇనుప చట్రాన్ని నాలుకతో తాకి చూస్తున్నాడు.

"ఏటి బావా, ఇనుము నాకుతన్నావ్? పొద్దున్న దీవెనమ్మ గంజి పొయ్యలేదేటి?" అన్నాడు గదిలోంచి డ్రైవర్ నాగబాబు.

"ఉప్పుంది."

మంచినీళ్లలో గుడ్డ ముంచి చట్రం మళ్లీ తుడిచాడు కృపాకర్. ఆరనిచ్చి, మళ్లీ నాలుక ఆనించాడు. సముద్రం మీద తిరిగే ఇనుముకు ఉప్పు కంటికి కనపడకుండా పట్టి ఉంటుంది. దాని మీద ఏ గమ్ము పెట్టినా ఉప్పునే పట్టుకుంటుంది గానీ ఇనుమును పట్టుకోదు. గుడ్డకు తెలియనిది, వేలికి తెలియనిది నాలుకకు తెలుస్తుంది. మూడోసారి తుడిచాక ఇనుము చప్పగా తగిలింది. అప్పుడు లేచాడు.

అతనికి అరవై దాటాయి. మీసం రాకముందే గాజుపనిలోకి వచ్చాడు. చర్చి రంగుటద్దాలు, సింహాచలం దుకాణాల్లో దేవుడి పటాలు, డాబాల్లో చేపల తొట్లు, పెద్ద తుపాను పోయాక ఊళ్లో పగిలిన కిటికీలు, అన్నిటికీ ఆ చేతులు తగిలాయి. ఎవరూ అతని పేరు అడగలేదు. "అద్దాలాయన వచ్చాడు" అనేవారు, అంతే. ఎడమ అరచేయి నిండా సన్నటి తెల్లటి గాట్లు. గాజు పట్టుకున్నప్పుడు నోరు విప్పితే చెయ్యి కదులుతుందని మేస్త్రి ఎప్పుడో తిట్టాడట. ఆ మౌనం ఇంటికి కూడా వెంట వచ్చింది. భార్య దీవెనమ్మ గోడతో మాట్లాడుకున్నట్టే కాపురం చేసుకొచ్చింది. నాగబాబు ఒక్కడే అతనికి స్నేహితుడు. కులం వేరు, మతం వేరు, పిలుపు మాత్రం బావ. నాగబాబు ఇద్దరి మాటలూ తానే మాట్లాడేసేవాడు. అందుకే కుదిరింది వాళ్లకు.

బోటు సావుకారు శివరామకృష్ణ పంపిన గమ్ము ట్యూబు పక్కనే ఉంది. కృపాకర్ దాని మూతి కోసి నాగబాబు ముక్కు దగ్గర పెట్టాడు.

"అమ్మో, ఊరగాయ జాడీ తీసినట్టుంది!"

"ఈ పులుపు ఇనుముకి పడదు బావా. లోపల్లోపలే తుప్పు పట్టించేత్తాది. పైకి బానే ఉంటాది. ఓ నాడు కెరటం కొట్టిందనుకో, అద్దం నీ మొకం మీదకొచ్చేత్తాది."

సంచిలోంచి ఇంకో ట్యూబు తీశాడు. నల్లటి గమ్ము. వాసన లేదు. గాజునూ ఇనుమునూ రెంటినీ విడవకుండా పట్టుకుంటుంది. కాకపోతే నిదానం. రేపు మధ్యాహ్నం దాకా ఇంజన్ అదురు తగలకూడదు. పుల్లటిది రాత్రికే గట్టిపడుతుంది, సావుకారు దాన్ని కొన్నది అందుకే. వేట మొదలైన పూట ముందు వెళ్లిన బోటుకే వల నిండుతుంది. రెండు నెలలుగా ఒడ్డున కూర్చున్న నాగబాబుకు ఆ మొదటి వల ఎంత అవసరమో కృపాకర్‌కు తెలుసు.

రెండు ట్యూబులూ రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. "నువ్వే సెప్పు. అద్దం ఎనకాల కూర్చునేది నువ్వు."

ఈసారి నాగబాబు నవ్వలేదు. కిందటేడు పక్క బోటు డ్రైవర్‌కు ఇలాగే అద్దం ఊడి ఒక కన్ను పోయింది. ఫోను తీశాడు.

"సావుకారుగారూ, రేపు మద్దినేల దాకా ఇంజన్ ఎట్టను. అద్దం ఆరాల."

అవతలి అరుపు కృపాకర్‌కూ వినపడింది. ఇంకో డ్రైవర్ని చూసుకుంటానంటున్నాడు.

"సూసుకోండి బాబూ. ఆడికీ మొకం ఉంటాది గదా."

అవతల అరుపు తగ్గింది. తర్వాత ఏదో గొణుగుడు. నాగబాబు ఫోను జేబులో వేసుకున్నాడు.

"ఒప్పుకున్నాడు. ఇంక కానియ్ బావా" అంటూ దవడ రుద్దుకున్నాడు. "నీ పులుపు వాసనకి దవడలు లాగేత్తన్నాయి. ఈ సెయ్యి కూడాను, పొద్దున్నే ఐసు మోసీసరికి."

"ముసిలోడివైపోనావ్."

కృపాకర్ పరాచికమాడటం అరుదు. నాగబాబు పడీపడీ నవ్వాడు.

చట్రం చుట్టూ నల్ల గమ్ము ఎక్కడా తెగకుండా ఒకే ధారగా పెట్టాడు కృపాకర్. నాగబాబు లోపలి నుంచి అద్దం ఎత్తి చట్రానికి ఆనించాడు. తను వచ్చి చెక్కముక్కలు బిగించేదాకా వదలొద్దని చెప్పి, కృపాకర్ బయటికి వచ్చాడు. అంచుల వెంట పొంగిన గమ్మును వేలితో నున్నగా దిద్దుకుంటూ పోయాడు. పై అంచు, పక్కలు, చివరికి కింది అంచు. వంగి ఉన్నాడు. లోపల నాగబాబు మాట వినపడలేదు. ఆ ఖాళీ కృపాకర్‌కు కొత్తగా అనిపించింది కాబోలు, తానే మొదలెట్టాడు.

"దీవెనమ్మ నిన్నూ సన్యాసమ్మనీ ఆదివారం బోజనానికి రమ్మంది. సెప్పమని మూడు వారాలైంది. నానే మర్చిపోతన్నాను." వేలు మూల దగ్గర తిప్పాడు. "సావుకారుకి ఎదురు సెప్పావు సూడు... నాకు బానే అనిపించింది బావా. ఇలా బాగుందని నాను ఎవుడికీ ఎప్పుడూ సెప్పలేదు."

కృపాకర్ తల ఎత్తాడు.

నాగబాబు ఛాతీ స్టీరింగ్ చక్రం మీద వాలి ఉంది. చేతులు కిందికి జారాయి. నుదురూ భుజమూ అద్దానికి ఆని ఉన్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి, సముద్రంలోకి తెరుచుకునే హార్బర్ మొగ వైపు. ఆట పట్టిస్తున్నాడనుకున్నాడు కృపాకర్. అద్దం మీద వేలితో కొట్టాడు. ఆ తర్వాత చూశాడు. ముక్కు దగ్గర గాజు మీద ఆవిరి లేదు.

కేక ఎప్పుడు వేశాడో అతనికి గుర్తులేదు. పక్క బోట్ల వాళ్లు దూకి వచ్చారు. ఇద్దరు నాగబాబు చంకల్లో చేతులు వేసి ఎత్తబోయారు.

"నెమ్మదిగా! గాజు కదులుతాది!"

ఆ మాట అన్నది తానేనని కృపాకర్‌కు కాసేపటిదాకా తెలియలేదు. ఎత్తుతున్న వాళ్లు ఆగి అతని ముఖంలోకి చూశారు. అతను లోపలికి పరుగెత్తాడు. స్నేహితుడి భుజం లేచిన చోట తన భుజం ఆనించాడు. నాగబాబును వలల మీదుగా ఒడ్డుకు మోసుకుపోతుంటే, అతను అద్దం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చెక్కముక్కలు ఒక్కొక్కటే బిగించాడు. చేతులు ఎప్పట్లాగే పని చేసుకుపోయాయి. అలా చేసినందుకు వాటిని చూసుకున్నాడు.

ఆస్పత్రిలో గుండె అన్నారు. దవడా చెయ్యీ లాగడం దానికేనన్నారు.

సాయంత్రం నాగబాబు ఇంటి ముందు అతని భార్య సన్యాసమ్మ కృపాకర్ చొక్కా పట్టుకుంది. "అన్నియ్యా, నువ్వు పక్కనే ఉన్నావు గదా. సివరికి ఏటన్నాడు?"

కృపాకర్ పెదాలు కదిలాయి. "దవడ లాగుతందన్నాడు" అన్నాడు. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. "నాను... ముసిలోడివైపోనావ్ అన్నాను."

మర్నాడు తెల్లవారేసరికి హార్బర్ ఖాళీ. ఆ ఒక్క బోటే ఉంది. మధ్యాహ్నానికి వేరే డ్రైవర్ వస్తాడట. గమ్ము పట్టిందో లేదో చూసి, శవాన్ని తీసేలోగా తిరిగి వెళ్లాలని కృపాకర్ గబగబా ఎక్కాడు. చెక్కముక్కలు ఊడదీశాడు. అద్దం మీద అరచేయి పెట్టి, ఒళ్లంతా మోపి తోశాడు. కదల్లేదు. ఇంకోసారి తోశాడు. ఇంకోసారి. అది అప్పటికే పట్టేసింది.

బయటికి వచ్చాడు. గది వెనక తాడు మీద నాగబాబు నిన్న పొద్దున్న ఉతికి ఆరేసుకున్న లుంగీ ఉంది. ఎవరూ తియ్యలేదు. రాత్రి చినుకులకు మళ్లీ తడిసింది. కృపాకర్ దాన్ని తీసి, మడత పెట్టబోయి, ఆగాడు. దులిపి, తిరగేసి, రెండో వైపు ఆరేలా తాడు మీద వేశాడు. దిగి వెళ్లిపోయాడు.

గాలి ఇంకా లేవలేదు. నీలిగళ్ల లుంగీ, కింది అంచున నీటిచుక్కలతో, కదలకుండా వేలాడుతోంది.